కట్టర్ కొయ్యాలి గానీ రుద్దకూడదు: మిల్లింగ్ మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ ఫొటోల్లో సగానికి పైగా మిల్లింగ్ గురించే, అంటే టేబుల్ మీద బిగించిన లోహాన్ని తిరిగే కట్టర్ దగ్గరికి నడిపి కోసే పని గురించే. పోయిన నెల లేత్ మీద థ్రెడ్ కటింగ్ గురించి రాశాక "మిల్లింగ్ వాళ్ళం గుర్తులేమా" అని కొంచెం గట్టిగానే అడిగారు. గుర్తులేకపోవడం ఏంటండీ, నేను బతికిందే ఆ మెషిన్ మీద, బాలానగర్‌లో ఇరవయ్యేడేళ్ళు దాని ముందే నిలబడ్డాను. అన్నీ చదివాక నాకు ఒకటే కనపడింది, చాలామంది కట్టర్ ఎక్కడ విరుగుద్దోనని హ్యాండిల్‌ని మెల్లగా, మరీ మెల్లగా తిప్పుతున్నారు, ఆ భయంతోనే కట్టర్లు పాడైపోతున్నాయి. అందుకే ముందు ఆ ప్రశ్నే తీసుకుంటున్నా.

చర్లపల్లి నుంచి ఒక తమ్ముడు: అన్నా నమస్తే. జాబ్‌వర్క్ షాపుల ఏడాది సంది మిల్లింగ్ మీద చేస్తున్న. ఎస్ఎస్ 304 (ఒక రకం స్టెయిన్‌లెస్ స్టీల్) ప్లేటుల 10 మిల్లీమీటర్ల స్లాట్లు (గాడులు) కొట్టమన్నరు. నాలుగు పళ్ళ హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) ఎండ్ మిల్ (కొసతో, పక్కలతో కోసే కట్టర్) పెట్టి, 1200 స్పీడు ఇచ్చి, చేత్తోటి నిమ్మలంగ తిప్పుతున్న. అయినా రెండు స్లాట్లకే కట్టర్ నల్లగై పోతుంది, పళ్ళు కాలుతున్నయ్. సేటు నా మీద గరం అయితుండు. కట్టర్ల క్వాలిటీ లేదంటవా?

తమ్ముడూ, కట్టర్‌ది తప్పు కాదు, నువ్వు నిమ్మలంగ తిప్పుతున్నవు చూడు, అక్కడే ఉంది గడబిడ. లెక్క వేద్దాం. నువ్వు పంపిన వీడియో చూసి నిమిషానికి 20 మిల్లీమీటర్లు పోతున్నట్టు లెక్కేసుకున్నా. 1200 చుట్లు, చుట్టుకి నాలుగు పళ్ళు, అంటే నిమిషానికి 4800 సార్లు పన్ను జాబ్‌ని (కోసే లోహాన్ని) తాకుతోంది, ఆ 20 మిల్లీమీటర్లని 4800 మంది పంచుకుంటే ఒక్కో పన్నుకి వచ్చేది 4 మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతులు నాలుగు. కట్టర్ అంచు మన కంటికి ఎంత పదునుగా కనపడినా దానికీ చిన్న గుండ్రం ఉంటుంది, చిప్, అంటే పన్ను కోసిన ముక్క, ఆ గుండ్రం కంటే పల్చగా ఉంటే పన్ను లోపలికి దిగదు, పైన రాసుకుంటూ పోద్ది. కొయ్యట్లేదు, రుద్దుతోంది. మామూలు ఎమ్ఎస్ (మైల్డ్ స్టీల్) అయితే ఈ రుద్దుడుని కొంచెం ఓర్చుకుంటుంది, 304 ఓర్చుకోదు, రుద్దిన చోటల్లా పైపొర గట్టిపడిపోద్ది, తర్వాత వచ్చే పన్ను ఆ గట్టిపొర మీదే మళ్ళీ రుద్దాలి, అది ఇంకా గట్టిపడుద్ది. పైగా స్టెయిన్‌లెస్ వేడిని ఎమ్ఎస్ లాగించినట్టు లాగించదు, సుమారు మూడో వంతే, అందుకని పుట్టిన వేడంతా కట్టర్ మొన మీదే కూర్చుంటుంది.

రెండో సంగతి స్పీడు. 304కి హెచ్ఎస్ఎస్ కట్టర్‌తో నిమిషానికి 15 మీటర్ల దగ్గర పెట్టుకో, 18 దాటకు. షాపులో చేతి లెక్క ఒకటుంది, 318ని కటింగ్ స్పీడుతో గుణించి కట్టర్ డయామీటర్‌తో భాగిస్తే ఆర్పీఎమ్ వచ్చేస్తుంది. 318ని 15తో గుణించి 10తో భాగిస్తే 477, నీ గేర్‌బాక్సులో దానికి దగ్గరగా కింద ఏది ఉంటే అది. నువ్వు పెట్టిన 1200 అంటే నిమిషానికి 37 మీటర్ల పైనే, ఆ స్పీడు ఎమ్ఎస్‌కే హెచ్ఎస్ఎస్‌తో ఎక్కువ. ఇక ఫీడు, అంటే టేబుల్ ముందుకి పోయే వేగం, ఒక్కో పన్నుకి 0.04 మిల్లీమీటర్లు ఇద్దాం, నాలుగు పళ్ళు, 480 చుట్లు, గుణిస్తే నిమిషానికి 77 మిల్లీమీటర్లు. అంటే నువ్వు ఇప్పుడు తిప్పేదానికి దాదాపు నాలుగు రెట్లు వేగంగా తిప్పాలి, స్పిండిల్ (కట్టర్‌ని తిప్పే ఇరుసు) మాత్రం సగం కంటే తక్కువ తిరగాలి. మొదటిసారి చేసేప్పుడు గుండె దడదడలాడుద్ది, నాకూ అలాగే ఉండేది, ఆటో ఫీడు ఉంటే అదే వేసుకో, చెయ్యి భయపడుద్ది కానీ టేబుల్‌ని నడిపే లీడ్‌స్క్రూ భయపడదు.

స్లాట్ కాబట్టి నాలుగు పళ్ళది వద్దు, రెండు పళ్ళదో మూడు పళ్ళదో తెచ్చుకో, పళ్ళ మధ్య చోటు ఎక్కువుంటే చిప్స్ బయటికి వస్తాయి, లేకపోతే స్లాట్‌లోనే ఉండిపోయి మళ్ళీ మళ్ళీ పళ్ళ కింద నలుగుతాయి. పళ్ళు తగ్గాయి కాబట్టి ఫీడు లెక్క మళ్ళీ వేసుకోవాలి, మర్చిపోకు. కోబాల్ట్ కలిసిన హెచ్ఎస్ఎస్ దొరికితే ఇంకా మంచిది. ఒక్కో పాసుకి (కట్టర్ ఒకసారి పోవడానికి) 3 మిల్లీమీటర్ల లోతు చాలు. కూలెంట్ ధారగా పడుతూనే ఉండాలి, బాటిల్‌తో అప్పుడప్పుడు చిమ్మితే కుదరదు. ఇంకో ముఖ్యమైన మాట, ఎస్ఎస్ మధ్యలో కట్టర్ తిరుగుతుండగా టేబుల్ ఆపి ఫోన్ చూడకు, ఆగిన ఆ రెండు సెకన్లలోనే అక్కడ గట్టిపొర తయారైపోద్ది. ఆపాల్సి వస్తే ముందు కట్టర్‌ని మెటల్ నుంచి వెనక్కి తెచ్చి అప్పుడు ఆపు.

కార్బైడ్ కట్టర్ (హెచ్ఎస్ఎస్ కంటే గట్టిది, కానీ పెళుసు) కొనమని మీ సేటు అంటాడేమో, తొందరపడొద్దు. కార్బైడ్‌తో 304కి 70 మీటర్లు పెట్టినా 10 కట్టర్‌కి 2200 ఆర్పీఎమ్ పైనే కావాలి, మన పాత మెషిన్లు చాలావాటికి అంత పైకి వెళ్ళడం రాదు, పైగా స్పిండిల్‌లో చిన్న ఆట ఉన్నా కార్బైడ్ అంచు చిట్లిపోద్ది. ఇవన్నీ మార్చాక చిప్ చూడు. సన్నటి దుమ్ము, పొడి లాగా రాలితే ఇంకా రుద్దుతోందని అర్థం. కామా ఆకారంలో, చేతిలోకి తీసుకుంటే కాస్త బరువు తెలిసే చిప్ వస్తే కోస్తోంది. హెచ్ఎస్ఎస్‌తో చిప్ నీలంగా వస్తే స్పీడు ఎక్కువైంది, తగ్గించు.

తాడేపల్లిగూడెం నుంచి ఒకరు: మాస్టారూ, 25 మిల్లీమీటర్ల షాఫ్టుకి కీవే (పుల్లీని షాఫ్టుకి కలిపే కీ కూర్చునే గాడి) ఎంత లోతు తీయాలి? ఒక్కోళ్ళు ఒక్కోటి చెబుతున్నారు.

22 దాటి 30 దాకా షాఫ్టుకి స్టాండర్డ్ కీ వెడల్పు 8, ఎత్తు 7. షాఫ్టులో 4 మిల్లీమీటర్లు, పుల్లీ బోరులో 3.3. 4కి 3.3 కలిపితే 7 పైన కొంచెం వస్తుంది కదా, ఆ ఖాళీ కీ పైన ఉండాలి, కీ పక్కల్లో బిగువుగా ఉండాలి. చాలాచోట్ల దీన్ని తిరగేసి పక్కల్లో వదులు పెట్టి పైన కొట్టి బిగిస్తారు, అందుకే పుల్లీ వంకరగా ఊగుద్ది. లోతు కొలిచేప్పుడు షాఫ్టు గుండ్రం పైకొస నుంచి కొలవండి, స్లాట్ అంచు నుంచి కొలిస్తే తక్కువ చూపిస్తుంది. కట్టర్ రెండు పళ్ళ స్లాట్ డ్రిల్ తీసుకోండి, మధ్యలో కూడా కోసే రకం, అదైతేనే నిలువుగా దింపగలరు.

విజయవాడ ఆటోనగర్ నుంచి: సార్, ఈ మధ్యే పాత వర్టికల్ మిల్లింగ్ కొన్నాను. నిన్న ఒక ఎమ్ఎస్ బ్లాకు పక్క అంచు తీస్తుంటే టేబుల్ ఒక్కసారిగా దానంతటదే లాగేసుకుంది, 16 ఎండ్ మిల్ ఫట్‌మని విరిగింది, బ్లాకు వైస్‌లో (జాబ్‌ని పట్టే బిగింపులో) తిరిగిపోయింది. మెషిన్‌లో దెయ్యం ఉందా అని మా కుర్రాడు భయపడిపోయాడు. ఏం జరిగింది?

మీరు డౌన్ మిల్లింగ్ చేశారు, మెషిన్‌లో బ్యాక్‌లాష్ ఉంది, జరిగింది అంతే. ఇంత గుండెదడ వచ్చాక ఈ విషయం జన్మలో మర్చిపోరు, కాబట్టి పూర్తిగా చెబుతా.

టేబుల్‌ని నడిపేది ఒక స్క్రూ, దాని మీద ఒక నట్టు. కొత్తలో రెండూ దగ్గరగా ఉంటాయి, ఏళ్ళ తరబడి తిరిగితే నట్టు అరిగి మధ్యలో సందు వస్తుంది. మీరే చూడండి, హ్యాండిల్‌ని ఒకవైపు తిప్పి ఆపి, మళ్ళీ వెనక్కి తిప్పండి, టేబుల్ కదలకుండా డయల్ మీద ఎన్ని గీతలు ఖాళీగా తిరిగాయో అదే బ్యాక్‌లాష్. అర మిల్లీమీటర్ ఉందనుకుందాం. కట్టర్ పన్ను వెళ్ళే దిక్కూ టేబుల్ వెళ్ళే దిక్కూ ఒకటే అయితే, డౌన్ మిల్లింగ్ అంటే ఇదే, పన్ను జాబ్‌ని పట్టుకుని తనవైపు లాక్కుంటుంది, నట్టు ఆపాలి కానీ సందు ఉంది కాబట్టి ఆ అర మిల్లీమీటర్ మొత్తం ఒక్క గెంతులో దూకుద్ది. 0.05 కొయ్యాల్సిన పన్ను మీద పదింతలు పడింది, విరక్క ఏం చేస్తుంది.

అందుకే పాత మాన్యువల్ మెషిన్ మీద అప్ మిల్లింగే, అంటే పన్ను వెళ్ళే దిక్కుకి టేబుల్ ఎదురు రావాలి. ఎటు తిప్పాలో గుర్తు పెట్టుకోవడానికి ఒక ఉపాయం: స్పిండిల్ పైనుంచి చూస్తే గడియారం ముల్లులా తిరుగుతుంది కదా, జాబ్ మీ వైపు ఉండి కట్టర్ దాని అవతలి అంచు కోస్తుంటే టేబుల్ కుడికి పోవాలి, కట్టర్ మీ వైపు ఉండి జాబ్ అవతల ఉంటే టేబుల్ ఎడమకి పోవాలి. చాక్‌పీస్‌తో మెషిన్ మీదే బాణం గీసి పెట్టుకోండి, మా షాపులో కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ మొదట అదే గీయించేవాడిని.

అయితే సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే మెషిన్) వాళ్ళు ఎప్పుడూ డౌన్ మిల్లింగే వేస్తారు కదా అని మీరు అడగొచ్చు. వాళ్ళకి బాల్ స్క్రూ ఉంటుంది, సందు ఉండదు, డౌన్ మిల్లింగ్‌లో పన్ను దిగేప్పుడే చిప్ మందంగా మొదలై చివర్లో పల్చబడుద్ది, అంటే పన్ను దిగిన క్షణం నుంచే కోస్తుంది, ఫినిష్ బాగుంటుంది, కట్టర్ ఎక్కువ రోజులు వస్తుంది. అప్ మిల్లింగ్‌లో చిప్ సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి ప్రతి పన్నూ దిగే ముందు కాస్త రుద్దుద్ది, అదే దాని లోపం, ఒప్పుకోవాలి. మీరు కూడా ఆఖరి ఫినిషింగ్ పాసు, 0.1 లోపు మాత్రమే, టేబుల్ లాక్‌ని కొంచెం బిగించి టేబుల్ బరువుగా కదిలేట్టు పెట్టుకుని డౌన్‌లో తీసుకోవచ్చు. పోత ఇనుము ముడి జాబ్ అయితే మాత్రం ఏ మెషిన్ అయినా మొదటి పాసు అప్‌లోనే తీయమంటా, పన్ను లోపలి మెత్తటి మెటల్‌లోంచి మొదలై పైనున్న ఇసుక పొరని లోపలి నుంచి పగలగొట్టుకుంటూ బయటికొస్తుంది, లేకపోతే ప్రతి పన్నూ వెళ్ళి ఆ ఇసుక మీదే గుద్దుకుంటుంది.

పాత మెషిన్ కొన్నారు కాబట్టి ఇంకో పరీక్ష, బ్యాక్‌లాష్‌ని టేబుల్ మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి చూడండి. ఎక్కువ పని మధ్యలోనే జరుగుతుంది కాబట్టి స్క్రూ అక్కడే ఎక్కువ అరుగుద్ది, మధ్యలో సందు పోయేలా నట్టు బిగిస్తే చివరికొచ్చేసరికి టేబుల్ పట్టేస్తుంది. అలా పట్టేస్తే స్క్రూ మార్చుకోవాల్సిందే, నట్టు ఒక్కటే మారిస్తే డబ్బులు దండగ.

జీడిమెట్ల నుంచి: అన్నా, 60 వెడల్పు ప్లేట్లు 80 ఫేస్ కట్టర్ (పైముఖం చదును చేసే వెడల్పు కట్టర్) తోటి ఒకటే పాసుల తీస్తున్న. చూస్తే అద్దంలెక్క ఉంటది, కానీ స్టీల్ స్కేలు అడ్డం పెట్టి లైటుకు జూస్తే మధ్యల వెలుతురు కనపడ్తుంది. మెషిన్ పాతది కాదు.

రెండు కారణాలు ఉండొచ్చు, ఏదో తేల్చుకోవాలి. మొదటిది, హెడ్, అంటే స్పిండిల్‌ని పట్టుకున్న పైభాగం, నిటారుగా లేదు. ఫేస్ కట్టర్ వెళ్ళే దిక్కులో హెడ్ కాస్త వాలి ఉంటే కట్టర్ ఒక పళ్ళెం ఏటవాలుగా పెట్టినట్టు తిరుగుతుంది, అప్పుడు ప్లేట్ మధ్యలో పల్లం పడుద్ది. ఎంత పడుద్దో చెప్తా, 200 మిల్లీమీటర్ల వృత్తంలో డయల్ గేజ్ (ముల్లుతో చిన్న తేడాలు చూపే సాధనం) అర మిల్లీమీటర్ తేడా చూపిస్తే, నీ 80 కట్టర్‌తో 60 ప్లేట్ మధ్యలో 34 మైక్రాన్ల పల్లం. స్కేలు కింద వెలుతురు కనపడడానికి అది చాలు. ప్లేట్ మీద గుర్తులు చూడు, విల్లు లాంటి గీతలు ఒక దిక్కుకే వంగి ఉంటే హెడ్ వాలింది, రెండు వైపుల నుంచీ వచ్చి ఒకదాన్నొకటి దాటుతూ జల్లెడ అల్లినట్టు ఉంటే హెడ్ సరిగ్గా ఉంది. సరి చేయాలంటే స్పిండిల్‌కి డయల్ గేజ్ కట్టి చేత్తో చుట్టూ తిప్పు, టేబుల్ మీద నాలుగు దిక్కులా చదువు, ఎడమా కుడీ తేడా 0.02 లోపు వచ్చేదాకా హెడ్ నట్లు కొంచెం వదులు చేసి రబ్బరు సుత్తితో తట్టుకుంటూ రా. నట్లు బిగించాక మళ్ళీ చదవాలి, బిగించేప్పుడు హెడ్ కదులుద్ది, ఇది చాలామంది వదిలేస్తారు.

రెండో కారణం వైస్. ప్లేట్ పల్చగా ఉంటే వైస్ బిగించగానే అది విల్లులా మధ్యలో పైకి లేస్తుంది, లేచినదాన్ని నువ్వు చదునుగా కోస్తావ్, వైస్ వదలగానే అది మళ్ళీ తన ఆకారానికి పోద్ది, మధ్యలో పల్లం. ఇది తేల్చడం చాలా తేలిక, ఫినిష్ అయ్యాక ప్లేట్ మధ్యలో డయల్ ఆనించి సున్నా పెట్టి వైస్ మెల్లగా వదులు చెయ్. ముల్లు కదిలితే తప్పు వైస్‌ది, కదలకపోతే హెడ్‌ది. నేనైతే ఈ పరీక్షే ముందు చేస్తా, హెడ్ జోలికి తర్వాత వెళ్తా. వైస్‌ది అయితే ఆఖరి పాసు ముందు వైస్ ఒకసారి వదిలి, మళ్ళీ తక్కువగా బిగించి, 0.2 మాత్రం తీసుకో.

అమెరికా, టెక్సాస్ నుంచి ఒక తెలుగు ఇంజినీరు: అంకుల్, గరాజ్‌లో చిన్న బెంచ్ మిల్ ఉంది. అల్యూమినియం కోస్తుంటే మెటల్ కట్టర్‌కి ముద్దగా అంటుకుపోతోంది, ఇంకా కిర్రుమని పెద్ద సౌండు, అలలు అలలుగా ఫినిష్.

రెండూ వేరే వేరే రోగాలు బాబూ. అంటుకోవడానికి కారణం అల్యూమినియం మెత్తదనం, వేడెక్కగానే పన్ను మీద అతుక్కుని తనే పన్ను అయిపోద్ది. రెండు లేదా మూడు పళ్ళ, కోటింగ్ లేని మెరిసే కట్టర్ వాడు, నాలుగు పళ్ళవి పక్కన పెట్టెయ్. మా దగ్గర కిరోసిన్‌తో చిన్న బ్రష్ పెట్టుకునేవాళ్ళం, ఇంట్లో కాబట్టి నువ్వు కిరోసిన్ జోలికి పోకు, అల్యూమినియానికి అని అమ్మే కటింగ్ ఫ్లూయిడ్ తెచ్చుకుని బ్రష్‌తో రాస్తూ ఉండు. ఇక ఆ సౌండు కట్టర్ ఊగడం వల్ల. ఫొటోలో కట్టర్ నీ చక్ నుంచి చాలా బయటికి ఉంది. కట్టర్ బయటికి ఎంత పొడుగుంటే అంత వంగుద్ది అనుకుంటాం కానీ అలా కాదు, పొడుగు రెండింతలైతే వంగడం ఎనిమిదింతలు. సగానికి లోపలికి తోస్తే చాలు సగం రోగం తగ్గుద్ది. ఇంకోటి, డ్రిల్ చక్‌లో ఎండ్ మిల్ పట్టకూడదు, అది నిలువు బరువుకి చేసింది, పక్క నుంచి వచ్చే దెబ్బలకి మెల్లగా వదులైపోద్ది, కాలెట్ (కట్టర్‌ని చుట్టూ గట్టిగా పట్టే బిగింపు) కొనుక్కో, తప్పదు. అప్పుడు కూడా కిర్రుమంటే స్పీడు తగ్గించు, ఫీడు తగ్గించకు.

అనకాపల్లి నుంచి లేత్ వర్క్స్ నడిపే ఒకాయన: గురూగారూ, రైస్ మిల్లు వాళ్ళు 23 పళ్ళ చిన్న గేర్ ఒకటి పళ్ళు ఊడిపోయింది తెచ్చి ఇచ్చారు, కొత్తది దొరకట్లేదంట. మిల్లింగ్ ఉంది, డివైడింగ్ హెడ్ (జాబ్‌ని సమాన భాగాలుగా తిప్పేది) కూడా ఉంది కానీ 23 అనే అంకె చూసి భయమేసింది. బయట కొలిస్తే వెర్నియర్ 74.8 చూపిస్తోంది.

భయపడాల్సిన అంకె కాదండీ, 23 చాలా మర్యాదైన అంకె. ముందు మాడ్యూల్, అంటే పన్ను సైజు చెప్పే అంకె, పట్టుకుందాం. బయటి డయామీటర్ అంటే పళ్ళ సంఖ్యకి రెండు కలిపి మాడ్యూల్‌తో గుణించడమే. 23కి రెండు కలిపితే 25, మాడ్యూల్ 3 అయితే 75 రావాలి. మీకు 74.8 ఎందుకు వచ్చిందంటే పళ్ళు బేసి సంఖ్య, ఒక పన్నుకి సరిగ్గా ఎదురుగా పన్ను ఉండదు, సందు ఉంటుంది, వెర్నియర్ పక్క పన్ను మీద ఆనుతుంది, అందుకని రెండు పాయింట్లు తక్కువ చదువుతుంది. కాబట్టి బ్లాంకుని (పళ్ళు ఇంకా కొయ్యని గుండ్రటి ముక్కని) 75కే టర్న్ చేయండి, 74.8కి చేయకండి.

డివైడింగ్ హెడ్ లోపల వార్మ్ (స్క్రూ లాంటి గేర్) నిష్పత్తి 40కి 1, హ్యాండిల్ నలభై చుట్లు తిప్పితే జాబ్ ఒక చుట్టు తిరుగుద్ది. ఎన్ని పళ్ళు కావాలో ఆ సంఖ్యతో 40ని భాగించండి, 40ని 23తో భాగిస్తే ఒకటి, మిగిలింది 17. అంటే ఒక పూర్తి చుట్టు, ఆపైన 23 రంధ్రాల వరసలో 17 రంధ్రాలు. 23 రంధ్రాల వరస సాధారణంగా 21, 23, 27, 29, 31, 33 ఉన్న ప్లేటు మీద ఉంటుంది, మీ ప్లేట్లు తిరగేసి చూడండి. అందరూ చేసే పొరపాటు ఇక్కడే, పిన్ను ఇప్పుడు కూర్చున్న రంధ్రాన్ని ఒకటి అని లెక్కపెడతారు, అది సున్నా, దాని పక్కది ఒకటి. ప్రతిసారీ వేలితో లెక్కపెట్టకండి, ప్లేటు మీద కత్తెర లాంటి రెండు చేతులుంటాయి కదా, వాటిని ఒకసారి 17 సందులకి సరిచేసి బిగించేసుకోండి. హ్యాండిల్ ఎప్పుడూ ఒకే వైపు తిప్పాలి, పొరపాటున దాటిపోతే అర చుట్టు వెనక్కి తెచ్చి మళ్ళీ ముందుకి రావాలి, లేకపోతే వార్మ్‌లో ఉన్న సందు మీ పన్నులోకి వస్తుంది.

కట్టర్ కొనేప్పుడు జాగ్రత్త. మాడ్యూల్ 3 అంటే సరిపోదు, ఒక్కో మాడ్యూల్‌కి ఎనిమిది కట్టర్ల సెట్టు ఉంటుంది, మీకు కావాల్సింది 21 నుంచి 25 పళ్ళ దాకా పనికొచ్చేది. నంబరు చెప్పి అడగకండి, ఎందుకంటే డీపీ (అంగుళాల లెక్క) కట్టర్లలో ఒకటో నంబరు పెద్ద గేర్లకి, మాడ్యూల్ కట్టర్లలో ఒకటో నంబరు చిన్న గేర్లకి, లెక్క తిరగబడి ఉంటుంది, కట్టర్ మీద చెక్కిన పళ్ళ సంఖ్య చదివి తీసుకోండి. ప్రెజర్ యాంగిల్ (పన్ను పక్క వాలు) 20 డిగ్రీలా కాదా కూడా పాత గేర్‌తో పోల్చండి. పూర్తి లోతు మాడ్యూల్‌కి రెండుంపావు రెట్లు, మీకు 6.75. రెండు పాసుల్లో తీయండి. పాసు మొదలుపెట్టే ముందు, ఇది నా ప్రాణం లాంటి సలహా, కట్టర్‌ని 0.1 మాత్రం తాకించి 23 గీతలు చుట్టూ గీసేయండి, ఆఖరి గీత మొదటి గీత మీద సరిగ్గా కూర్చుంటేనే లోతుకి దిగండి. ఒక గంట ఎక్కువ పట్టుద్ది, మంచి ఈఎన్ స్టీలు బ్లాంకు చెత్తబుట్టకి పోకుండా ఉంటుంది.

కాకినాడ నుంచి ఒక ఇంజినీరింగ్ స్టూడెంట్: సార్, ఈ మిల్లింగ్ మెషిన్ అసలు ఎవరు కనిపెట్టారు?

ఒక్కరి పేరు చెప్పడం కష్టం అమ్మా, 1800ల మొదట్లో అమెరికాలో తుపాకులు చేసే చోట్ల చాలామంది చేతుల్లో కొంచెం కొంచెంగా పుట్టింది. కానీ మనం ఇప్పుడు చూసే యూనివర్సల్ మిల్లింగ్‌కి మాత్రం పుట్టిన సంవత్సరం ఉంది, 1862, చేసింది బ్రౌన్ అండ్ షార్ప్ కంపెనీ జోసెఫ్ బ్రౌన్. అక్కడ అంతర్యుద్ధం రోజులు, తుపాకుల్లో రంధ్రాలు వేయడానికి ట్విస్ట్ డ్రిల్లులు కావాలి, ఆ డ్రిల్లు మెలికల్ని పనివాళ్ళు గుండ్రటి ఆకురాయితో చేత్తో అరగదీసేవాళ్ళు. ఆ బాధ చూసి టేబుల్ ఏటవాలుగా తిరిగేలా, జాబ్ తనంతట తిరుగుతూ ముందుకి పోయేలా ఆయన మెషిన్ చేశాడు. పైన చెప్పిన డివైడింగ్ హెడ్ అందులో భాగమే. తర్వాత పెద్ద మలుపు 1952, ఎమ్ఐటీ వాళ్ళు పంచ్ టేపుతో నడిచే మిల్లింగ్ మెషిన్‌ని చూపించారు, ఈ రోజు సీఎన్‌సీలకి అదే ముత్తాత. మన సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ 1943లోనే మొదలైంది, ఈ సంగతి మీ క్లాసులో అందరికీ చెప్పు.

సిద్దిపేట నుంచి ఒక తండ్రి: సార్, మా బిడ్డకు పదోతరగతి అయినంక ఐటీఐల మెషినిస్ట్ ట్రేడ్ వచ్చింది. ఆమెకు ఇష్టమే. చుట్టాలు ఆడపిల్లకు ఆ ఇనుము పనేందని అంటున్నరు. చేతులు కోసుకుంటదేమోనని నాకు కూడ బుగులుగ ఉంది. పంపమంటరా?

పంపండి అన్నా. మెషినిస్ట్ రెండేళ్ళ కోర్సు, పూర్తయ్యాక అప్రెంటిస్ చేయాలి, అది తప్పనిసరిగా చేయించండి, షాపు తెలిసేది అక్కడే. చదువు మీద ఇంకా మనసుంటే బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, 1968 నుంచి నడుస్తోంది, పదో తరగతి మీదే టూల్, డై, మోల్డ్ మేకింగ్ డిప్లొమా నాలుగేళ్ళది ఇస్తారు, దాని సంగతి కూడా కనుక్కోండి. ఇక బలం గురించి అంటారా, మిల్లింగ్‌లో బలం మోటారుది, మనిషికి కావాల్సింది కన్ను, చెవి, ఓపిక. నేను చూసిన ఆపరేటర్లలో డ్రాయింగ్ అందరికంటే శుభ్రంగా చదివింది ఒక అమ్మాయే, ఆమె కొలిచాక నేను మళ్ళీ కొలిచేవాడిని కాదు.

మీ బుగులు మాత్రం అబద్ధం కాదు, దాన్ని తీసిపారెయ్యను. చెయ్యి కోసుకోవడం చాలావరకు చిప్స్‌ని చేత్తో తీయడం వల్ల జరుగుద్ది, చిప్ అంచు బ్లేడు లాంటిది, బ్రష్‌తోనే తీయాలి, అదీ స్పిండిల్ పూర్తిగా ఆగాకే. పెద్ద ప్రమాదాలు మాత్రం చేతికి గ్లౌజు ఉండబట్టే వస్తాయి. వినడానికి వింతగా ఉంటుంది, గ్లౌజు రక్షణ కదా అనుకుంటాం, కానీ తిరిగే కట్టర్‌కి గుడ్డ కొస తగిలితే చేతిని మొత్తం లాక్కుంటుంది, ఉత్త చెయ్యి అయితే గీరుకుని బయటపడుద్ది. నేను పనిచేసిన ఒక షాపులో నా పక్క మెషిన్ మీద కుర్రాడు చలికాలం పొద్దున ఊలు గ్లౌజుతో కూలెంట్ పైపు సర్దబోయాడు, రెండు వేళ్ళు పోయాయి, ఆ రోజు నేను ఎదురుగానే ఉన్నాను, ముందే చెప్పలేకపోయానని ఇప్పటికీ బాధ. అందుకే పాపకి గట్టిగా చెప్పండి, మెషిన్ తిరుగుతుంటే గ్లౌజు లేదు, చున్నీ లేదు, గాజులు ఉంగరాలు లేవు, జడ ముడేసి టోపీ కిందికి పోవాలి, చొక్కా చేతులు మోచేతి పైకి మడవాలి. స్పిండిల్ పైన డ్రా బార్ (కట్టర్‌ని పైనుంచి లాగి పట్టే కడ్డీ) బిగించే స్పానర్‌ని అక్కడే వదిలేసి స్విచ్ వేయకూడదు, అది తూటాలా ఎగురుద్ది.

మొదటి నెలలంతా బెంచ్ వైస్ దగ్గర నిలబెట్టి ఫైలింగ్ చేయిస్తారు, అరచేతులు బొబ్బలెక్కుతాయి, ఇంటికొచ్చి ఏడిస్తే కొబ్బరి నూనె రాయండి, మాన్పించకండి, ఆ ఫైలింగ్‌లోనే చదును అంటే ఏంటో చేతికి తెలుస్తుంది. ఇప్పుడే కొనివ్వాల్సినవి మూడే, తెల్ల అద్దాల సేఫ్టీ కళ్ళజోడు, తోలు బూట్లు, ఆరంగుళాల స్టీల్ స్కేలు. కళ్ళజోడు మంచిది కొనండి, గీతలు పడే చవకది కొంటే తీసి పక్కన పెట్టేస్తుంది.